కాపడం పెట్టిన చేతులు: శ్రీహరికోట వైపు నుంచి ఒక నొప్పి చరిత్ర

శ్రీహరికోట అనగానే మనకి గుర్తొచ్చేది రాకెట్. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్ ఎగిరింది. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వీ-3 ఒక ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 2023 జులై 14 మధ్యాహ్నం చంద్రయాన్-3 బయల్దేరింది. ఆ దీవి చరిత్రని ఇలా తేదీలతో సహా అప్పజెప్పొచ్చు. అదే దీవిలో అంతకు ముందు తరతరాలుగా బతికిన ఆడవాళ్ళు కట్టెలు మోశారు, దుంపలు తవ్వారు, పులికాట్ నీళ్ళలో నడుం వంచారు, పిల్లల్ని కన్నారు. వాళ్ళు ఆ నడుం నొప్పిని, మోకాళ్ళ సలుపుని దేనితో నెట్టుకొచ్చారు? దీనికి మాత్రం ఒక్క తేదీ కూడా దొరకదు.

మాత్ర, సూది లేకుండా ఏళ్ళ తరబడి సాగే నొప్పిని అదుపులో పెట్టుకునే పద్ధతులకి ఇవాళ వైద్యశాస్త్రంలో పెద్ద గౌరవమే వచ్చింది. వేడి, మర్దన, కదలిక, నిద్ర, మనసు విప్పి మాట్లాడుకోవడం, ఇవన్నీ మార్గదర్శకాల్లోకి ఎక్కాయి. మంచిదే. కానీ ఈ పద్ధతులు ఇన్నాళ్ళూ ఎవరి చేతుల్లో ఉన్నాయి, ఆ చేతులకి ఏమైంది అని అడక్కుండా వాటిని కొత్త మార్గాలనడం నాకు సమ్మతం కాదు. ఈ వ్యాసం ఆ చేతుల గురించి.

నొప్పికి ఎన్ని మాటలో

రాతలో దొరకని చరిత్ర భాషలో దొరుకుతుంది. మన ఆడవాళ్ళు నొప్పిని ఒకే మాటతో చెప్పరు. పన్ను సలుపుతుంది, తల పోటు పెడుతుంది, నరం లాగుతుంది, నడుం పట్టేస్తుంది, కాళ్ళు పీకుతాయి, ఒళ్ళు తీపులు తీస్తుంది, అరికాళ్ళు మండుతాయి, కీలు కలుక్కుమంటుంది, పొత్తికడుపు గుంజుతుంది. ఒక్కో మాట వెనక ఒక్కో రకం బాధ, ఒక్కో రకం చాకిరీ ఉన్నాయి. దినమంతా నిలబడ్డ కాళ్ళు పీకుతాయి. వంగి నాటేసిన నడుం పట్టేస్తుంది.

1975లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ మెల్జాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నొప్పి గురించి ఒక ప్రశ్నావళి తయారు చేశాడు. అందులో నొప్పిని వర్ణించే మాటలు 78. వాటిని 20 గుంపులుగా విడగొట్టాడు. రోగి ఏ మాట ఎంచుకుంటే దాన్నిబట్టి నొప్పి స్వభావం తెలుస్తుందన్నది ఆయన ఆలోచన. అంతకు కొంచెం ముందు, 1960లలో, లండన్‌లో సిసిలీ సాండర్స్ చనిపోబోతున్న రోగుల మంచాల పక్కన కూర్చుని వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. ఆమె మొదట నర్సు, తర్వాత సామాజిక కార్యకర్త, ఆ తర్వాతే డాక్టరు. శరీరం, మనసు, సంసారం, డబ్బు, నమ్మకం అన్నీ కలిసిందే నొప్పి అని, దాన్ని మొత్తంగా చూడాలని చెప్పింది. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ పెట్టింది. అంటే నొప్పిని వినడం కూడా వైద్యమేనని శాస్త్రం ఒప్పుకున్నది నిన్న మొన్న.

మనకి నొప్పి మాటలతో పాటు, దాన్ని తగ్గించే పనుల మాటలూ అన్నే ఉన్నాయి. కాపడం పెట్టడం, పట్టు వేయడం, కట్టు కట్టడం, నూనె రాసి తోమడం, పిసకడం, నిమరడం, నడుం తొక్కించుకోవడం, వేన్నీళ్ళు పోయడం. గమనించండి, వీటిలో చాలావరకు ఒకరు ఇంకొకరికి చేసేవి. తన నడుం తాను తొక్కుకోలేదు ఎవరూ. తన వీపు మీద తాను నీళ్ళు కుమ్మరించుకుంటే అది ఉత్త స్నానమే. ఈ పనులు చేసింది ఎక్కువగా ఆడవాళ్ళు. వీటిని వైద్యమని ఎవరూ అనలేదు. ఇంటి పనిలో ఒక పనిగానే చూశారు.

కట్టెల దీవి

శ్రీహరికోట పులికాట్ సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య ఇసుక మేట మీద పెరిగిన అడవి. అక్కడి ఆదిమ నివాసులు యానాదులు. వాళ్ళ భాష తెలుగే. నెల్లూరు జిల్లా చరిత్రలో భాగమైన ఈ దీవి 2022లో జిల్లాల పునర్విభజన తర్వాత తిరుపతి జిల్లాలో చేరింది.

1835లో ఆంగ్లేయ ప్రభుత్వం ఈ దీవిని నేరుగా తన చేతిలోకి తీసుకుంది. పెరుగుతున్న మద్రాసు పట్నానికి వంటచెరకు కావాలి. అడవి ఉంది, పక్కనే నీటిదారి ఉంది. తర్వాతి కాలంలో 1876-78 కరువులో ఆకలి కూలీల శ్రమతో విస్తరించి బకింగ్‌హామ్ అని పేరు పెట్టిన కాలువ కూడా ఈ సరస్సు గుండానే పోతుంది. మద్రాసులో ఎవరి పొయ్యి మండాలన్నా ఇక్కడ ఎవరో కట్టె కొట్టాలి, ఎవరో మోయాలి. యానాదులు తేనె, చిరివేరు, ముష్టిగింజలు, కుంకుడుకాయలు లాంటివి సేకరించి ఇస్తే బదులుగా గింజలు, గుడ్డలు ముట్టేవి.

1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వెలువరించాడు. ఏడో సంపుటంలో యానాదుల గురించి చాలా పేజీలే ఉన్నాయి. శరీరాల కొలతలు ఉన్నాయి, పుల్లలు రాపాడించి నిప్పు పుట్టించే విధానం ఉంది. ఆ నిప్పుతో ఎవరి మోకాలికి ఎవరు కాపడం పెట్టారన్నది మాత్రం ఆ కొలతల్లో లేదు. ముక్కు వెడల్పుని కొలిచిన కళ్ళకి నొప్పి కనపడలేదు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో నేరస్త తెగల చట్టం కింద యానాదుల మీదా ముద్ర పడింది. ఆ చట్టం దేశవ్యాప్తంగా రద్దయింది 1952లో. దాని మీద పోరాడిన వెన్నెలకంటి రాఘవయ్య 1962లో యానాదుల మీద ఒక పుస్తకమే రాశారు. గౌరవించాల్సిన కృషి అది. యానాది స్త్రీ తన శరీరం గురించి తానే చెప్పిన మాటలు కావాలంటే మాత్రం మనం ఇంకా వెతకాల్సే ఉంది.

వాళ్ళ పని ఎలాంటిదో ఇప్పటికీ పులికాట్ అంచున చూడొచ్చు. వల లేకుండా, పడవ లేకుండా, నీళ్ళలో గంటల తరబడి వంగి, అడుగు బురదని చేతులతో తడిమి రొయ్యలు పట్టే ఆడవాళ్ళు ఉన్నారు. రెండు చేతులూ పనిలో ఉంటాయి గనక బుట్టని పళ్ళతో పట్టుకుంటారు. మెడ, భుజం, నడుం, మోకాలు, వేళ్ళ కణుపులు, వీటిలో ఏది నొప్పి పెట్టకుండా ఉంటుంది?

వేడి, చెయ్యి, విశ్రాంతి

నెల్లూరు తీరంలోనూ, ఆ మాటకొస్తే తెలుగు పల్లెలన్నిట్లోనూ ఈ నొప్పులకి వాడిన సామగ్రి చాలా మామూలుది. వేయించిన ఇసుక, ఉప్పు, తవుడు గుడ్డలో మూటకట్టి కాపడం. కాల్చిన ఇటుక ముక్కని తడిగుడ్డలో చుట్టి పెట్టడం. జిల్లేడాకుకో ఆముదపాకుకో నూనె రాసి సెగ చూపించి కీలు మీద వేసి కట్టడం. వావిలాకు కాచిన నీళ్ళు బాలింతకి నడుం మీద పోయడం. ఆ తర్వాత వెచ్చగా కప్పి పడుకోబెట్టడం.

ఇది ఎందుకు పనిచేస్తుంది? 1965లో మెల్జాక్, పాట్రిక్ వాల్ కలిసి ఒక సిద్ధాంతం ప్రకటించారు. వెన్నుపాములో ఒక ద్వారం లాంటిది ఉంటుందని, సన్నని నరాలు నొప్పి సంకేతాన్ని తెస్తుంటే, స్పర్శని మోసే లావు నరాలు ఆ ద్వారాన్ని కొంత మూసేయగలవని అన్నారు. మెదడు నుంచి కిందికి వచ్చే సంకేతాలు, అంటే భయం, ధైర్యం, ధ్యాస, కూడా ఆ ద్వారాన్ని తెరవగలవు, మూయగలవు. కాలి బొటనవేలికి దెబ్బ తగిలితే వెంటనే చేత్తో గట్టిగా పట్టుకుని రుద్దుకుంటాం కదా, దానికి శాస్త్రం ఇచ్చిన వివరణ ఇది. ఆ నమూనాలోని వివరాలు తర్వాత చాలా మారాయి గానీ అసలు విషయం నిలిచింది. నొప్పి దెబ్బతిన్న చోటి నుంచి మెదడుకి నేరుగా మోగే గంట కాదు. దారిలో దాన్ని పెంచేవీ తగ్గించేవీ ఉన్నాయి. వేడి బిగుసుకున్న కండని సడలిస్తుంది, రక్తప్రసరణ పెంచుతుంది. తెలిసిన చెయ్యి భయాన్ని తగ్గిస్తుంది.

బాలింత స్నానంలో ఇంకో మందు దాగి ఉంది. అది విశ్రాంతి. ఆ కొద్దిరోజులే ఆమె చేత బరువు ఎత్తనివ్వరు. కోడలిగా, కూలీగా మిగతా జీవితమంతా దొరకనిది పురిటి మైల పేరుతోనైనా దొరికేది. అంటరానితనంతో కలగలిసిన ఆ విశ్రాంతిని మెచ్చుకోవాలని కాదు. మైల పోవాలి, విశ్రాంతి మిగలాలి. జరిగిందేమో చాలాచోట్ల తిరగబడింది.

ఈ గతాన్ని తియ్యగా చెప్పుకోకూడదు. మన ఊళ్ళల్లో నొప్పికి వాతలు పెట్టారు. కాల్చిన ఇనప కడ్డీతో కడుపు మీద, వీపు మీద, పసిపిల్లల ఒంటి మీద కూడా పెట్టారు. పుళ్ళు పడ్డాయి, చీము పట్టి ప్రాణాలు పోయాయి. అది వైద్యం కాదు, హింస. ఇక పురుడు పోసి ఒళ్ళు తోమిన మంత్రసాని ఎవరు? చాకలి, మంగలి, మాల, మాదిగ స్త్రీలు. ప్రసవ వేళ ఆమె చెయ్యి కావాలి, తెల్లారాక ఆ చేతి నీళ్ళు పనికిరావు. 1885లో డఫరిన్ నిధి వచ్చింది. 1902లో లేడీ కర్జన్ మంత్రసానుల శిక్షణకి విక్టోరియా స్మారక నిధి పెట్టింది. శుభ్రత గురించి వాళ్ళు చెప్పింది నిజమే, దాంతో ప్రాణాలు దక్కాయి. అయితే మురికితో పాటు మంత్రసానికి తెలిసినదంతా అజ్ఞానం కింద జమ అయింది. కత్తిని మరిగించడం నేర్పడానికి, ఆమె చేతివాటాన్ని నేర్చుకోకుండా ఉండటానికి సంబంధం ఏముంది?

అచ్చులోకి వచ్చింది ఎవరి వైద్యం?

మందులు లేని వైద్యానికి తెలుగులో అచ్చు చరిత్ర ఒకటుంది. జర్మనీకి చెందిన లూయీ కూనే జలచికిత్సా గ్రంథాన్ని 1894లో ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ తెలుగులోకి తెచ్చారు. భారతదేశంలో ప్రకృతి చికిత్సా ఉద్యమానికి అదొక తొలి అడుగని ఆ రంగంలోని వాళ్ళు చెప్పుకుంటారు. తొట్టి స్నానం, ఆవిరి స్నానం, తడి పట్టీలు, ఆహార నియమం అందులోని పద్ధతులు. గాంధీ కూడా కూనే పద్ధతుల్ని తన మీదా తన వాళ్ళ మీదా ప్రయోగించి చూశాడు. 1946లో పూనా దగ్గర ఉరుళీకాంచన్‌లో ప్రకృతి చికిత్సాలయం పెట్టాడు.

తొట్టిలో కూర్చున్న మనిషి అచ్చులోకి వచ్చాడు. తొట్టికి నీళ్ళు మోసిందెవరు, కట్టెలు తెచ్చిందెవరు, ఆవిరికి నీళ్ళు కాచిందెవరు, ఉప్పు లేని పథ్యం వేరే వండిందెవరు? ఆ పుస్తకం రావడానికి ఎంతో ముందు నుంచే వేన్నీళ్ళు, ఆవిరి, కాపడం మన పెరళ్ళలో ఉన్నాయి. విదేశీ పురుషుడి పేరుతో వస్తే అది చికిత్స అయింది, అవ్వ చేత్తో వస్తే చిట్కా అయింది. చిట్కా అన్న మాటలోనే చిన్నచూపు ఉంది.

అడవి పోయాక

రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోటని ఎంపిక చేసింది 1969లో. సుమారు 43 వేల ఎకరాలు, 50 కిలోమీటర్ల సముద్రతీరం. తూర్పున ఖాళీ సముద్రం, భూమధ్యరేఖకి దగ్గర, జనం తక్కువ. ఇవీ ఆ చోటుకున్న అనుకూలతలు. 'జనం తక్కువ' అన్న లెక్కలోని జనం యానాదులు, మత్స్యకారులు, మరికొన్ని పల్లెల వాళ్ళు. చాలామంది సూళ్ళూరుపేట వైపు, సరస్సు చుట్టుపక్కల ఊళ్ళకి కదలాల్సొచ్చింది. అడవి భద్రతా వలయంలోకి వెళ్ళింది. 2002లో ఆ కేంద్రానికి సతీష్ ధవన్ పేరు పెట్టారు.

దేశానికి ఆ కేంద్రం ఎందుకు అవసరమో నాకు తెలుసు. తుఫాను ముందుగా తెలిసి ఇదే తీరంలో ప్రాణాలు దక్కుతున్నాయంటే అందులో ఇక్కణ్ణుంచి వెళ్ళిన ఉపగ్రహాల పాలు ఉంది. అయినా నష్టపరిహారం లెక్కల్లో ఇల్లు ఉంటుంది, చెట్టు ఉంటుంది, చేను ఉంటుంది. ఏ ఆకు ఏ పొద దగ్గర దొరుకుతుందో తెలిసిన తెలివికి ఖరీదు కట్టే పట్టిక లేదు. నొప్పి పెడితే వెళ్ళి కూర్చునే పక్క గుడిసె ముసలమ్మకి ఖరీదు కట్టే పట్టిక అసలే లేదు. ఊరు చెదిరితే ఒకరి వీపు ఒకరు తోముకునే వరస చెదురుతుంది. అడవిలో తిరిగిన మనిషి వరిపొలంలో కూలీ అవుతుంది, రొయ్యల చెరువు గట్టున కాపలా మనిషి అవుతుంది. రోజు కూలీకి కాపడం పెట్టుకునే గంట ఎక్కడిది? ఆర్‌ఎంపీ డాక్టరు సూది అయిదు నిమిషాల పని. తెల్లారి మళ్ళీ పనికి పోవాలి గనక ఆ సూదే గతి. దాన్ని అజ్ఞానమంటే అన్యాయం. ఆమె దగ్గర లేనిది తెలివి కాదు, తీరిక.

నడుం నొప్పికి గర్భసంచి

తీరిక లేని ఆ నొప్పి ఎక్కడిదాకా పోయిందో చూడాలంటే శ్రీహరికోట దాటి మొత్తం తెలుగునేలని చూడాలి. హైదరాబాదులో స్త్రీల బృందం 1991లో 'సవాలక్ష సందేహాలు' పుస్తకం తెచ్చినప్పుడు అందులో ఆడవాళ్ళ శరీరాల గురించి ఆడవాళ్ళే మాట్లాడారు. తెల్లబట్ట, నడుం నొప్పి, నీరసం, ఎవరూ వినని ఫిర్యాదులన్నీ అప్పుడు అచ్చులోకి వచ్చాయి. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఆ ఫిర్యాదులకి ఆసుపత్రుల్లో దొరికిన జవాబు గర్భసంచి తీసేయడం. 2009లో డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి మెదక్ జిల్లాలో చేసిన అధ్యయనం అవసరం లేని ఆపరేషన్ల సంగతి బయటపెట్టింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. అనవసర ఆపరేషన్లని అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలని ఆదేశించింది.

నడుం నొప్పికి కారణం గర్భసంచిలో వెతికారు. వీణా శత్రుఘ్న బృందం దాన్ని ఇంకోచోట వెతికింది. 2005లో ప్రచురించిన వాళ్ళ అధ్యయనంలో పేదింటి స్త్రీల ఎముకలు ఎంత బలహీనంగా ఉన్నాయో, దానికీ తిండికీ ఉన్న సంబంధం ఏమిటో చూపించారు. గ్లాసెడు పాలు, కాస్త పప్పు, ఆకుకూర, ఇవి కూడా నొప్పికి మందులు కాని మందులే. తిండి పెట్టకుండా కాపడం పెట్టమని చెప్పడం మోసం. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు ఇంకా తొందరగా గుల్లబారతాయి. నొప్పి కోసం చేసిన ఆపరేషన్ కొత్త నొప్పికి దారి తీస్తుంది.

తిరిగొచ్చిన కాపడం

ఇప్పుడు ప్రపంచ వైద్యం ఏమంటోందో చూడండి. 2017లో అమెరికా వైద్యుల కళాశాల కొత్తగా వచ్చిన నడుం నొప్పికి ముందు వేడి, మర్దన లాంటివి ప్రయత్నించమంది. 2021లో బ్రిటన్ నైస్ సంస్థ, వేరే జబ్బుతో వివరించలేని దీర్ఘకాల నొప్పికి పారాసెటమాల్, ఇతర నొప్పి మాత్రలు, ఓపియాయిడ్లు మొదలుపెట్టొద్దని, వ్యాయామం, మానసిక చికిత్సల వైపు చూడమని చెప్పింది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాల నడుం నొప్పి మీద ఇచ్చిన సూచనల్లో అవగాహన, వ్యాయామం, మర్దన, మనసుకి చేసే వైద్యం ఉన్నాయి. నడుం బెల్టులు వద్దంది. ఆ సంస్థ లెక్కలో 2020లో నడుం నొప్పితో ఉన్నవారు 61 కోట్ల 90 లక్షల మంది, మగవాళ్ళకన్నా ఆడవాళ్ళే ఎక్కువ. 2022లో అమల్లోకి వచ్చిన వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణలో దీర్ఘకాల నొప్పే ఒక జబ్బుగా చోటు సంపాదించింది.

సంతోషించాల్సిన మార్పే. అయితే ఇది మన దగ్గరికి చేరేసరికి ఎలా మారుతోంది? రోజూ నడవండి, యోగా చేయండి, ఒత్తిడి తగ్గించుకోండి, ఎనిమిది గంటలు నిద్రపోండి. ఎవరు? నాలుగింటికి లేచి పదకొండింటికి నడుం వాల్చే మనిషి. ఇంకొకరి చెయ్యి చేసే పనిని ఆమె తానే చేసుకోవాల్సిన క్రమశిక్షణగా మార్చాం. చేయలేకపోతే తప్పు మళ్ళీ ఆమెదే. ఓర్చుకో అని పాతకాలం అన్నదానికీ దీనికీ తేడా ఎంత?

మందులు లేని పద్ధతులు పొదుపు పథకం కాకూడదు కూడా. కేన్సర్ నొప్పికి కాపడం చాలదు, మార్ఫిన్ కావాలి. 1985 మాదకద్రవ్యాల చట్టం తెచ్చిన ఆంక్షల వల్ల మార్ఫిన్ దొరక్క మన దేశంలో ఎందరో విలవిల్లాడారు. 2014లో గానీ ఆ చట్టాన్ని ఈ విషయంలో సడలించలేదు. ఆడవాళ్ళ నొప్పిని తక్కువగా లెక్కగట్టి వైద్యం కూడా తక్కువగా చేస్తారని డయాన్ హాఫ్‌మన్, అనితా టార్జియన్ 2001లోనే వివరంగా రాశారు. కాబట్టి మాత్ర అవసరమైన చోట మాత్ర హక్కు, చెయ్యి అవసరమైన చోట చెయ్యి హక్కు.

2020లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం నొప్పి నిర్వచనాన్ని సవరిస్తూ ఒక మాట చేర్చింది. ఎవరైనా తనకి నొప్పిగా ఉందంటే ఆ మాటని గౌరవించాలని. చదవడానికి ఎంత చిన్న మాట! అది అమలు కావాలంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫిజియోథెరపిస్టు ఉండాలి, అక్కడ సలుపు, పోటు, తీపు అన్న మాటలు అర్థమయ్యే మనిషి ఉండాలి. కూలిపనిలో జీతం కోయని సెలవు ఉండాలి. ఇంటి చాకిరీలో మగవాడి చెయ్యి పడాలి. పులికాట్ గట్టున రొయ్యలు పట్టే స్త్రీకి బుట్ట పళ్ళతో పట్టుకోనక్కర్లేని పనిముట్టు ఉండాలి.

రాసేవాళ్ళుగా మనకీ ఒక పని ఉంది. సూళ్ళూరుపేట చుట్టుపక్కల, పులికాట్ అంచు పల్లెల్లో, అడవి తెలిసిన చివరి తరం ముసలమ్మలు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళేది ఆకుల పేర్లు రాసుకుని రావడానికి మాత్రమే అయితే థర్‌స్టన్‌కీ మనకీ తేడా ఉండదు. నీకు ఎక్కడ నొప్పి, ఎప్పట్నుంచి, అప్పుడు ఎవరు కాపడం పెట్టారు, ఇప్పుడు ఎవరు పెడుతున్నారు అని అడగాలి. ఆ చివరి ప్రశ్నకి వచ్చే జవాబుని ఆమె పేరుతో, ఆమె మాటల్లో, తేదీ వేసి రాయాలి.